నిలబడితే ఆగిపోయే కారు

ఆమె దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళు ఎదురుగా ఉన్నప్పుడు టీచర్ గారూ అనేవాళ్ళు, పక్కకి వెళ్ళాక బ్రేకమ్మ అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. ఆమె కుడికాలు ఆ బ్రేకు మీదే కాపురం పెట్టింది. ఎదురుగా కుక్క వస్తే నొక్కేది, సైకిలు వస్తే నొక్కేది, ఏదీ రాకపోయినా వస్తుందేమోనని నొక్కేది. ఇన్నేళ్ళలో తన కారుకి ఒక్క గీత కూడా పడలేదంటే అది తన కాలి చలవేనని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధమేమీ లేదు.

మనిషి మంచిదే, మాటే కాస్త గీసినట్టుండేది. తప్పు చేస్తే తప్పనేది. బాగా చేస్తే ఏమీ అనేది కాదు. ఆమె ఏమీ అనకుండా కిటికీలోంచి బయటికి చూస్తోందంటే మనకి డ్రైవింగ్ వచ్చేస్తున్నట్టేనని పాతవాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పేవాళ్ళు.

అలాంటామె దగ్గరికి ఒక రిటైరైన బస్ కండక్టరు నేర్చుకోవడానికి వచ్చాడు.

ఉద్యోగమంతా డ్రైవరు వెనకాల నిలబడి గడిపిన మనిషి ఆయన. సర్వీసు చివర్లో ఆయనకి పడింది ఒకటే రూటు, కింద బస్టాండు నుంచి కొండ మీద చివరి స్టాపు దాకా. ఆ స్టాపు ఎదురుగానే ఆయన అక్క ఇల్లు. బస్సు వెనక్కి తిరిగేలోపు దొరికే కాస్త టైములో ఆయన రోజూ అక్క వంటింట్లో కూర్చుని భోజనం చేసేవాడు. డ్రైవరు హారన్ కొట్టగానే చెయ్యి కడుక్కుని, తడి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ పరిగెత్తేవాడు. ఆయన రిటైరైన కొద్ది రోజులకే, ఎక్కేవాళ్ళు లేరని ఆ రూటు ఎత్తేశారు. అక్కకి ఫోన్లో మాట్లాడటం చేతకాదు. "ఆ... సరే... తిన్నావా... ఉంటా" అని పెట్టేసేది. మనిషిని చూడాలంటే ఎవరినో ఒకరిని బతిమాలి వాళ్ళ బండి మీద వెళ్ళాలి. బతిమాలడం ఆయనకి చేతకాదు.

బావమరిది కొత్త కారు కొనుక్కుని పాతది ఇస్తానన్నాడు. అప్పుడు పుట్టింది ఈ ఆలోచన. విన్న వెంటనే భార్య, "జీవితమంతా జనాన్ని ముందుకి జరగండి ముందుకి జరగండి అని వేధించారు. ఇప్పటికైనా మీరు జరగండి" అంది. అది ఒప్పుకున్నట్టే.

నేర్చుకోవడం మొదట్లో బాగానే సాగింది. రోడ్డంటే ఆయనకి భయం లేదు. బస్సులో నిలబడి చూసీ చూసీ ఏ లారీ ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టేవాడు. స్టీరింగు కుదురుగా పట్టుకునేవాడు. గేర్లు మార్చడం వారంలోపే అలవాటైంది. టీచరు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది కూడా.

గొడవంతా నిలబడిన చోట వచ్చింది. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడుతుంది. ఆయన క్లచ్చు తొక్కుతాడు, బ్రేకు నొక్కుతాడు. కారు చక్కగా గీత దగ్గర నిలబడుతుంది. నిలబడిన మరుక్షణం ఇంజను ఒకసారి వణికి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చప్పుడు చేసి ఆగిపోతుంది. పచ్చదీపం పడేసరికి ఆయన తాళం తిప్పుతూ ఉంటాడు, వెనకవాళ్ళు హారన్లు మోగిస్తూ ఉంటారు.

"ఎడమకాలు" అనేది టీచరు. "మీ ఎడమకాలు కంగారుపడుతోంది. క్లచ్చు పూర్తిగా తొక్కట్లేదు."

"పూర్తిగానే తొక్కానండీ."

"పూర్తిగా తొక్కితే ఇంజనెందుకు ఆగుతుంది?"

నేర్పేది ఆవిడ, నేర్చుకునేది తను. ఇంటికి వెళ్ళి వరండాలో కుర్చీ వేసుకుని, గోడకి ఇటుక ఆనించి, దాని మీద ఎడమకాలు పెట్టి తొక్కుతూ కూర్చునేవాడు. అలా తొక్కుతూనే పేపరు చదివేవాడు, కూరలు తరిగిచ్చేవాడు. పిక్క పట్టేసి కుంటడం మొదలుపెట్టాక భార్య ఆ ఇటుక తీసి పెరట్లో పారేసింది. మర్నాడు ఆయన మళ్ళీ వెతికి తెచ్చుకున్నాడు.

రోజూ ఆగేది కాదు. పొద్దున్నే క్లాసు మొదలైనప్పుడు ఆగేదే కాదు. ఒక్కోరోజు అసలు ఒక్కసారీ ఆగేది కాదు. అందుకే టీచరుకి కారు మీద అనుమానం రాలేదు. కారు పాడైతే రోజూ పాడవ్వాలి కదా. ఒకరోజు బాగా చేసి ఒకరోజు చెడగొట్టేది మనుషులే అని ఆమె లెక్క. అదీకాక క్లాసులయ్యాక తనొక్కతే ఇంటికి నడుపుకుని వెళ్ళేటప్పుడు అది ఎప్పుడూ ఆగలేదు. ఆ దారిలో ఒక్క సిగ్నలూ లేదన్న సంగతి ఆమెకి తట్టలేదు.

టెస్టు రోజు రానే వచ్చింది. కండక్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చున్నాడు, టీచరు టెస్టు గ్రౌండు గేటు బయట నిలబడింది. కారు వంపులు తిరిగింది, వెనక్కి వచ్చింది, రెండు కర్రల మధ్య ఎక్కడా తగలకుండా దూరింది. ఇక మిగిలింది తెల్లగీత దగ్గర నిలబెట్టి మళ్ళీ కదిలించడం ఒక్కటే. గీత దాటకూడదని బ్రేకు గట్టిగా తొక్కి నిలబెట్టాడు. ఇంజను ఆగిపోయింది. స్టార్ట్ చేశాడు. కంగారులో బ్రేకుని కిందికంటా తొక్కి పట్టుకున్నాడు. ఇంజను మళ్ళీ ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు పెన్ను జేబులో పెట్టుకుని తలుపు తీసుకుని దిగాడు.

"ఇంకొంచెం ప్రాక్టీసు చేస్తే వచ్చేస్తుంది" అంది టీచరు. ఆమె నోటి నుంచి అంతకంటే తియ్యని మాట రావడం కష్టం.

కండక్టరు నవ్వాడు. "కొందరి కాళ్ళు నిలబడి ప్రయాణం చెయ్యడానికే పుట్టాయి టీచర్ గారూ. నావి అవే. మీరేం అనుకోకండి."

తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, చొక్కా చేతులు మడుచుకుని, బస్టాపు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మర్నాడు క్లాసుకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆమె ఒకసారి ఫోన్ చేసింది. భార్య ఎత్తి, "ఆయన ఆ ఊసే వద్దంటున్నారమ్మా" అంది.

అలా మానేసినవాళ్ళు ఇంతకుముందూ ఉన్నారు. టీచరు పెద్దగా పట్టించుకోలేదు. ఆ టైముకి ఒక బ్యాంకు ఉద్యోగిని కొత్తగా చేరింది. ఆమె ఎడమకాలు కూడా కంగారుపడుతోందని టీచరు చెప్పింది.

అసలు సంగతి రైల్వే గేటు దగ్గర బయటపడింది. ఒక మధ్యాహ్నం టీచరు ఒక్కతే ఎవరినో దింపి తిరిగొస్తోంది. గేటు వేసి ఉంది. రోడ్డు పట్టాల వైపు బాగా వాలుగా ఉంటుందక్కడ. ఆమె కారు నిలబెట్టి, గేరు న్యూట్రల్లోకి తీసి, క్లచ్చు మీద నుంచి కాలు తీసేసి, కారు జారకుండా బ్రేకుని గట్టిగా నొక్కి పట్టుకుని కూర్చుంది. గూడ్సు బండి వస్తోంది. ఆమె డబ్బాలు చూస్తోంది. ఇంజను వణికింది. గొంతులో అడ్డం పడ్డట్టు అదే చప్పుడు చేసి ఆగిపోయింది.

ఆమె గేరు వైపు చూసింది, న్యూట్రల్లోనే ఉంది. ఎడమకాలి వైపు చూసింది, అది ఖాళీగా మ్యాటు మీద పడుకుని ఉంది. కంగారుపడటానికి అక్కడ వేరే కాలు ఏదీ లేదు.

గూడ్సు వెళ్ళిపోయింది, గేటు లేచింది. వెనకున్న వ్యానువాడు హారన్ కొట్టి కొట్టి చివరికి తల బయటపెట్టి, "ఏమ్మా, కొత్తగా నేర్చుకుంటున్నావా?" అన్నాడు. కారు నెత్తి మీద ఆమె డ్రైవింగ్ స్కూలు బోర్డు ఉంది. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

అక్కణ్ణుంచి నేరుగా ఆడపడుచు షెడ్డుకి వెళ్ళింది. భర్త చెల్లెలు కార్ల మెకానిక్కు. తండ్రి నుంచి వచ్చిన షెడ్డు అది. అన్నగారు ఆస్పత్రిలో ఎలక్ట్రీషియన్‌గా చేరిపోతే ఆమే దాన్ని పట్టుకుని ఉండిపోయింది. రేకుల కప్పు, నూనె మరకల నేల, గోడకి వరసగా తగిలించిన స్పానర్లు, మూల ఎప్పుడూ వినిపించే రేడియో. వదినా ఆడపడుచులకి ఒకరంటే ఒకరికి ప్రాణమే గానీ, ఎదురుపడితే రెండు చురకలైనా వేసుకోకుండా ఉండలేరు.

"ఇంజను ఆగిపోతోంది, నిలబెడితే" అంది టీచరు.

"ఎన్నాళ్ళ నుంచి?"

టీచరు నీళ్ళు నమిలింది. "నేర్చుకునేవాళ్ళు నడిపేటప్పుడు ఆగుతూ ఉండేది. వాళ్ళకి రాక అనుకున్నా."

"బాగుంది. మా అన్నయ్యని కట్టుకున్నప్పుడే అనుకున్నా, నీకు చెవులు సరిగ్గా పనిచెయ్యవని. నెలనెలా ఆయిలు చూపించుకోవడానికి వస్తావు కదా, ఒక్కసారైనా నోరు విప్పొచ్చుగా?"

"ఇప్పుడు విప్పాగా. ఎక్కి చూడు."

ఆడపడుచు బానెట్ ఎత్తి, స్టార్ట్ చేసి, చేతులు తుడుచుకుంటూ నిలబడి విన్నది. ఇంజను ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది. హెడ్‌లైట్లు వేసింది, ఏసీ పెట్టింది, కిందా మీదా పడి వైర్లు కదిపి చూసింది. బ్యాటరీ బాగానే ఉంది. ప్లగ్గులు విప్పి చూస్తే వాటి మీద మసి కూడా లేదు. పెట్రోలు ప్రెషరు కొలిచింది, సరిగానే ఉంది. అప్పుడు గాలి వెళ్ళే గొట్టం ఊడదీసి లోపలికి టార్చి వేసింది. గాలిని ఆపి వదిలే పలక చుట్టూ నల్లటి జిగురు పేరుకుని ఉంది.

"ఇదిగో, దొరికింది. నిలబడి ఉన్నప్పుడు ఈ సందులోంచే కాస్త కాస్త గాలి వెళ్ళాలి. అది మూసుకుపోయింది. ఊపిరాడక ఆగిపోతోంది."

మందు కొట్టి, గుడ్డతో తుడిచి, మళ్ళీ కొట్టి, ఆ పలక మెరిసేదాకా శుభ్రం చేసింది. బిగించి స్టార్ట్ చేస్తే ఇంజను ఇదివరకటి కంటే మెత్తగా తిరిగింది. టీచరు ప్రాణం కుదుటపడింది. అంతే కదా, దుమ్ము. దుమ్ము ఎవరి కారులోనైనా పడుతుంది. థాంక్స్ చెప్పి తాళంచెవికి చెయ్యి చాపింది.

ఆడపడుచు ఇవ్వలేదు. "ఆగు. వేడెక్కనీ. ఒక చుట్టు తిప్పి చూస్తే గానీ నాకు నమ్మకం కుదరదు."

ఆమె స్టీరింగు దగ్గర కూర్చుంది, టీచరు అలవాటుగా పక్క సీట్లో కూర్చుంది. ఊరంతా తిరిగారు. రెండు చోట్ల నిలబెడితే ఇంజను ఆగలేదు. ఆడపడుచు కూనిరాగం తీస్తోంది. షెడ్డుకి వెళ్ళే మలుపు దగ్గర ఒక ముసలాయన రోడ్డు దాటుతుంటే నిలబెట్టింది. ఇంజను వణికి, ఆగిపోయింది.

కూనిరాగం కూడా ఆగిపోయింది.

"వదినా, ఇప్పుడు నువ్వేం చేశావు?"

"నేనేం చేస్తాను? ఖాళీగా కూర్చున్నాను."

"నీ కుడికాలు ఎక్కడుంది?"

టీచరు కిందికి చూసుకుంది. బ్రేకు మీద ఉంది. ముసలాయన్ని చూడగానే అదే వెళ్ళి నొక్కింది. నొక్కినట్టు ఆమెకే తెలియదు.

"తియ్యి" అని ఆడపడుచు స్టార్ట్ చేసింది. తను మామూలుగా బ్రేకు మీద కాలు పెట్టుకుంది. ఇంజను తిరుగుతూనే ఉంది. "ఇప్పుడు నువ్వు కూడా నొక్కు. గట్టిగా."

టీచరు నొక్కింది. రెండు కాళ్ళ బరువుకి పెడలు కిందికంటా దిగింది. ఇంజను ఆగిపోయింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడపడుచు రేడియేటరు ఫ్యాను ఆగేదాకా ఆగి, ఇంకోసారి స్టార్ట్ చేసి, తల డాష్‌బోర్డు కిందికి దూర్చి చేత్తో పెడలు నొక్కింది. "నోరు మూసుకుని విను" అంది, టీచరు ఏమీ మాట్లాడకపోయినా. లోపల ఎక్కడో సన్నగా, ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఉస్సుమంటోంది. పెడలు వదిలేస్తే ఆ ఉస్సు లేదు.

షెడ్డులో పెట్టాక, ఇంజను నుంచి బ్రేకు డబ్బాకి వెళ్ళే లావు రబ్బరు గొట్టాన్ని కటింగ్ ప్లయరుతో, గుడ్డ అడ్డం పెట్టి, పూర్తిగా నొక్కి పట్టుకుంది. "ఇప్పుడు తొక్కు." టీచరు తొక్కింది. పెడలు రాయిలా ఉంది, కానీ ఇంజను చెక్కుచెదరలేదు. ప్లయరు వదిలింది. ఇంజను ఆగింది.

"దుమ్ము కాదు" అంది ఆడపడుచు, తనని తనే తిట్టుకుంటున్నట్టు. "దుమ్ము ఉన్న మాట నిజమే. రోగం మాత్రం ఇది." నల్లటి గుండ్రటి డబ్బా మీద తట్టింది. "కారుని నిలబెట్టడానికి నీ కాలి బలం ఒక్కటే చాలదు. ఇంజను గాలి పీలుస్తుంది కదా, ఆ పీల్పుతోనే ఈ డబ్బా నీ కాలికి సాయం చేస్తుంది. దీని లోపల రబ్బరు పొర ఉంటుంది. అది చిరిగింది. కాస్త నొక్కితే చిరుగు మూసుకునే ఉంటుంది. లోతుగా నొక్కితే నోరు తెరుస్తుంది. బయటి గాలంతా దాంట్లోంచి ఇంజన్లోకి పోతుంది. పరిగెత్తేటప్పుడైతే ఇంజను దాన్ని లెక్కచెయ్యదు. నిలబడినప్పుడు దానికి ఉండేదే కొంచెం ఊపిరి. అంత గాలి ఒక్కసారి మీద పడితే దానికి తగ్గ పెట్రోలు రాక చచ్చిపోతుంది."

"అందుకే పొద్దున ఆగేది కాదా?"

"చల్లగా ఉన్నప్పుడు ఇంజను దానంతటదే కొంచెం జోరుగా తిరుగుతుంది. అందుకని తట్టుకుంటుంది." ఆడపడుచు ప్లయరు గోడకి తగిలించింది. తర్వాత మాట మారింది. "వదినా, ఇది నవ్వులాట కాదు. ఆ పొర పూర్తిగా పోయిన రోజు నువ్వు ఎంత తొక్కినా కారు నిలబడదు. పక్కన కొత్తవాణ్ణి కూర్చోబెట్టుకుని, ఆ బ్రేకుని నమ్ముకుని ఊరంతా తిరుగుతున్నావు."

టీచరు స్టూలు మీద కూర్చుండిపోయింది. అది ఆ మాటకి కాదు. ఆ మాట అర్థమవడానికి తర్వాత ఎంతోసేపు పట్టింది. అప్పటికి ఆమె కళ్ళ ముందు ఉన్నది తెల్లగీత, దాని దగ్గర నిలబడ్డ కారు, ఇస్త్రీ చొక్కా. సిగ్నల్ దగ్గర ఆయన బ్రేకు తొక్కినప్పుడల్లా పైనుంచి తనూ తొక్కింది. తొక్కి, ఎడమకాలు అంది.

మర్నాడు కొత్త డబ్బా వచ్చింది. మార్చడం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా సాగింది. ఆడపడుచు డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, పెడలుకి ఉన్న పిన్ను లాగి, చెయ్యి పట్టని చోట చెయ్యి పెట్టి నట్లు విప్పింది. ప్రతి నట్టుకీ ఒక కొత్త తిట్టు కనిపెట్టింది. టీచరు టార్చి పట్టుకుంది. వెలుగు పక్కకి పోతే ఆ తిట్టు ఆమెకి వచ్చేది. మామూలుగా అయితే ఆమె అంతకంత అనేది. ఆరోజు నోరు మెదపలేదు. అది చూసి ఆడపడుచే తగ్గింది.

పాత డబ్బాని బయటికి తీసి, ఉత్త కుతూహలం కొద్దీ రంపంతో కోశారు. లోపలి పొర అంచు పొడవునా చీలి ఉంది, పాత చెప్పు పట్టీలాగా. టీచరు దాన్ని వేలితో అటూ ఇటూ కదిపి చూసింది.

"నా కాలి వల్లే చిరిగిందా?"

"రబ్బరు కదా, ముసలిదవుతుంది. నీ కాలు దానికి కాస్త ముందే వయసు తెచ్చిందేమో. ఒట్టేసి చెప్పలేను."

కొత్తది బిగించాక ఇంజను ఆపి, పెడలు నాలుగైదుసార్లు కొట్టి, గట్టిపడ్డాక కాలు పెట్టి స్టార్ట్ చేశారు. పెడలు మెత్తగా కాస్త కిందికి దిగి నిలిచింది. డబ్బా పనిచేస్తోందనడానికి అదే గుర్తు. ఇద్దరి కాళ్ళూ వేసి తొక్కారు. ఇంజను తన మానాన తను తిరుగుతూనే ఉంది. ఊరు చుట్టి వచ్చి, వేడి మీద మళ్ళీ తొక్కారు. తిరుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం టీచరు కండక్టరు ఇంటికి వెళ్ళింది. దారిపొడవునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది గానీ, తలుపు తీసిన భార్యని చూడగానే అదంతా మరిచిపోయి గుమ్మంలోనే చెప్పేసింది.

"కారులో తప్పుంది. ఆయన కాలిలో లేదు. చూడకుండా మాటన్నాను."

కండక్టరు లోపలి నుంచి వచ్చాడు. మొత్తం విన్నాడు. ఆయన సంతోషిస్తాడని ఆమె అనుకుంది. ఆయన మొహం ముడుచుకుంది.

"జాలిపడి వచ్చారు మీరు. నాకు అర్థమైంది. అక్కర్లేదండీ."

"జాలిపడటం నాకు చేతకాదు. నా దగ్గర నేర్చుకున్నారు కదా, మీకు తెలీదా?"

"అది నిజమేలెండి" అంది భార్య.

అయినా ఆయన కదల్లేదు. నెమ్మదస్తుడైన మనిషి, ఈసారి మాత్రం లోపల దాచుకున్నది అనేశాడు. "పూర్తిగా తొక్కాను అన్నాను కదండీ. రోజూ అన్నాను. రోజూ మీరు కాదన్నారు. చివరికి నా కాలు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. ఇంట్లో మెట్లు దిగాలన్నా చూసి దిగుతున్నాను."

టీచరు ఆయన ఇంకా ఏమైనా అంటాడేమోనని నిలబడింది. భార్య లోపలికి వెళ్ళి ఆయన చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. "వెళ్ళి చూసి రండి. అబద్ధమైతే ఆవిడకే చెబుదురుగాని" అంది.

కారు వేడిగానే ఉంది. మొదటి సిగ్నల్ దగ్గర ఆయన నిలబెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఇంజను తిరుగుతూనే ఉంది. రెండో సిగ్నల్ దగ్గర బ్రేకుని కావాలనే గట్టిగా తొక్కాడు. తిరుగుతూనే ఉంది. మూడో దాని దగ్గర పచ్చదీపం పడినా ఆయన కదల్లేదు. వెనకాల హారన్లు మోగుతుంటే, ఇంజను చప్పుడు వింటూ అలాగే కూర్చున్నాడు.

"పదండి, అందరూ తిడుతున్నారు" అంది టీచరు.

ఆ తర్వాత ఎత్తుమీద నిలబెట్టి కదిలించబోయాడు. క్లచ్చు తొందరగా వదిలేశాడు. కారు ఒక గెంతు గెంతి ఆగిపోయింది. ఆయన బిక్కమొహం వేసి ఆమె వైపు చూశాడు.

"ఇది మాత్రం మీదే" అంది టీచరు.

ఆయన కాసేపు ఆలోచించి, పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆమె క్లాసులో నవ్వడం అంతకుముందు ఎవరూ చూడలేదు, ఆ విషయం ఆయన తర్వాత భార్యకి రెండుసార్లు చెప్పాడు.

బ్యాంకు ఉద్యోగినికి కూడా తప్పు కారుదేనని ఆమె చెప్పింది. ఇంతకుముందు మానేసినవాళ్ళలో గుర్తున్నవాళ్ళకి ఫోన్లు చేసింది. ఒకాయన ఇప్పుడెందుకులెండి అన్నాడు. ఒకామె, తను వేరేచోట నేర్చుకుని అప్పుడే నడిపేస్తున్నానంది, కాస్త గర్వంగా. ఇంకొకామె మాట్లాడకుండా పెట్టేసింది. టీచరు మళ్ళీ చెయ్యలేదు.

కండక్టరు రెండో టెస్టు పాసయ్యాడు. బావమరిది కారు ఇంటి ముందుకి వచ్చింది. కొండ ఎక్కే మొదటిసారి మాత్రం పక్కన ఉండమని టీచరుని అడిగాడు. బతిమాలడం రానివాడు కాబట్టి, "వీలైతేనే" అని నాలుగుసార్లు అన్నాడు. ఆమె వెళ్ళింది. ఆ కారులో పక్క సీటు కింద మ్యాటు తప్ప ఏమీ లేదు. వంపులు తిరిగే చోట ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పళ్ళు బిగించి కూర్చుంది. ఆయన ప్రతి మలుపుకీ ముందే హారన్ కొట్టాడు, లారీలకి దారిచ్చాడు. పాత స్టాపులు వచ్చిన చోటల్లా వాటి పేర్లు పైకి అన్నాడు. ఎవరూ దిగేవాళ్ళు లేకపోయినా ఒకచోట తెలియకుండానే వేగం తగ్గించాడు.

అక్క ఇంటి ముందు కారు నిలబెట్టాడు. అక్క తలుపు దగ్గరికి వచ్చి, ముందు కారుని, తర్వాత తమ్ముణ్ణి, తర్వాత టీచరుని ఎగాదిగా చూసింది.

"నువ్వే తోలుకొచ్చావా?"

"నేనే అక్కా."

"చిక్కిపోయావు" అంది. లోపలికి వెళ్ళి పళ్ళాలు పెట్టింది.

భోజనం దగ్గర ఆయన అలవాటు కొద్దీ గబగబా తినేశాడు. తినేసి, చెయ్యి కడుక్కుని, ఇక ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. ఎవరూ హారన్ కొట్టి పిలవట్లేదు. అక్క ఆయన్ని చూసి, "రా, పెరడు చూద్దువు గాని. ఎప్పుడూ బస్సు దిగి వంటింటి దాకానే కదా వచ్చావు" అంది.

వంటింటి వెనక తలుపు తీసింది. ఆయన ఆ తలుపు అవతలికి ఎప్పుడూ వెళ్ళలేదు. పెరడంతా మొక్కలు. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో గులాబీలు, నిమ్మ అంట్లు, పేరు తెలియని పూలు, వరసలు వరసలుగా గోడ దాకా ఉన్నాయి. బస్సు రావడం మానేశాక, స్టాపు దగ్గర తను పెట్టుకున్న టీ కొట్టు నడవక, అక్క వీటి మీద పడిందట. ఎవరో వ్యానువాడు ఎప్పుడో వచ్చి ఎంతకిస్తే అంతకి పట్టుకెళ్తున్నాడు.

"ఫోన్లో ఒక్కమాట చెప్పలేదే!"

"ఏం చెప్పను? మొక్కలు పెంచుతున్నాను అని చెప్పాలా? చూస్తే తెలుస్తుంది." అక్క చేతులు నడుముకి పెట్టుకుని, పక్క గోడ మీంచి కనిపిస్తున్న కారు కప్పుని అంచనా వేస్తున్నట్టు చూసింది. "దాని డిక్కీలో ఎన్ని పడతాయి?"

సాయంత్రం వాళ్ళు కొండ దిగేటప్పుడు డిక్కీ నిండిపోయింది. వెనక సీటు కాళ్ళ దగ్గర కూడా నిండిపోయింది. కింద ఊళ్ళో అమ్మకానికి మొక్కలు ఎక్కడ దింపాలో తనే చూపిస్తానని అక్క ముందు సీట్లో కూర్చుంది, మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఇంట్లో దింపాలని ఒప్పందం చేసుకుని మరీ. టీచరు వెనకాల, ఒళ్ళో ఒక నిమ్మ అంటు, పక్కన రెండు గులాబీలు పెట్టుకుని ముళ్ళు గుచ్చుకోకుండా మోచేతులు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. అక్క దారిపొడవునా మాట్లాడుతూనే ఉంది. నెమ్మదిగా వెళ్ళు, మట్టి ఒలుకుతుంది అనేది. కాసేపాగి, ఇంత నెమ్మదిగా వెళ్తే చీకటి పడుతుంది అనేది. తమ్ముడు రెండింటికీ సరే అక్కా అంటూ నడిపాడు.